శబ్దం వచ్చేదాకా

కెమెరా పట్టుకోవడం ఇవాళ ఎవరికీ నేర్పనక్కర్లేదు. మా తిరుపతిలో ఇంటర్ పిల్లలే ఫోన్‌లో తీసి, ఫోన్‌లోనే ఎడిట్ చేసి, పాట తగిలించి గంటలో లోకం మీదికి వదిలేస్తున్నారు. మరి విశ్వవిద్యాలయంలో కూర్చోబెట్టి రెండేళ్లు మీడియా పాఠాలు చెప్పడానికి ఏముంది? తల్లిదండ్రులు అడిగే ఈ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు శ్రీహరికోటలో ఉంది.

సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద పోతే దీవి వస్తుంది. రాకెట్ ప్రయోగాలను జనం కూర్చుని చూడటానికి 2019 నుంచి అక్కడ గ్యాలరీ ఉంది. మా విద్యార్థులు ఒక ప్రయోగాన్ని అక్కడి నుంచే చిత్రీకరించి తెచ్చారు. లెక్క సున్నాకు వచ్చింది. చెట్ల పైన మంట లేచింది. రాకెట్ శబ్దం మాత్రం లేదు. గ్యాలరీకీ ప్రయోగ వేదికకూ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం. వెలుగు కన్ను మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది, ధ్వనికి కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్లు పడుతుంది. రాకెట్ బాగా పైకి పోయాకే గర్జన వచ్చి ఒంటికి తగులుతుంది.

ఎడిటింగ్ దగ్గర తగువు వచ్చింది. "సార్, మంట లేచేటప్పుడే సౌండ్ పడాల. లేకుంటే ఆడియో పోయిందనుకుంటారు" అన్నాడొక అబ్బాయి. కంప్యూటర్ మీద అది ఒక్క లాగుడుతో అయ్యే పని. రికార్డింగ్ చేసిన అమ్మాయి ఒప్పుకోలేదు. హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చి, "ఈ ఖాళీలో ఏముందో వినండి సార్" అంది. మొదట ఈలలు, చప్పట్లు. తర్వాత అవి సన్నగిల్లాయి. మైకులో గాలి. ఎవరో పెద్దాయన గోవింద నామం. ఒక పిల్లవాడి గొంతు: "అమ్మా, సప్పుడేదీ?" తల్లి "వస్తుంది, ఉండు" అంటుండగానే గర్జన వచ్చి అన్నింటినీ కమ్మేసింది. శబ్దాన్ని ముందుకు జరిపి ఉంటే ఆ తల్లీబిడ్డల మాట దాని కింద అణిగిపోయేది.

కథాచిత్రంలో శబ్దాన్ని జరపడం తప్పేమీ కాదు, అక్కడ ప్రేక్షకుడికి ఆ ఒప్పందం తెలుసు. డాక్యుమెంటరీలో జరిపితే మనం ఎక్కడ నిలబడి చూశామన్నది చెరిగిపోతుంది. చూసేవాడు తాను ప్రయోగ వేదిక పక్కనే ఉన్నాననుకుంటాడు. జరిగినదానికీ చెప్పేవాడికీ మధ్య ఎప్పుడూ కొంత దూరం ఉంటుంది. సీమ కరువు గురించి ఏసీ స్టూడియోలో మాట్లాడేటప్పుడూ ఉంటుంది. ఆ దూరాన్ని దాచకుండా చెప్పగలగడమే నా దృష్టిలో ఈ చదువుకు ప్రాణం.

మన అంతరిక్ష చరిత్రలోనే ఈ పాఠం ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు 'సైట్' ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సిగ్నల్ ఊరికి చేరింది సరే, మాట మనిషికి చేరిందా? అది తెలుసుకోవడానికి పరిశోధకులు ఊళ్లలోనే మకాం వేసి జనంతో కలిసి బతికారు. క్రియేటివ్ కమ్యూనికేషన్ అని మనం పెద్ద పేరు పెట్టుకున్న సబ్జెక్టుకు పునాది అదే.

ఎవరు, ఎప్పుడు మాట్లాడాలో కూడా ఇదే నేల నేర్పింది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 కొన్ని నిమిషాలకే బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ రాకెట్ ప్రాజెక్టుకు నాయకుడు అబ్దుల్ కలాం. పత్రికల ముందుకు మాత్రం ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం గెలిచినప్పుడు కలాంను మాట్లాడమని పంపారు. కలాం ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. 2002లో శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రానికి ధావన్ పేరే పెట్టారు. పత్రికా సమావేశం నిర్వహించడం ఎలాగో తరగతిలో నేనెంత చెప్పినా, ఈ రెండు రోజులకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

అదే దీవిలో, అంతరిక్ష కేంద్రం రాకముందు యానాదుల ఊళ్లుండేవి. రాకెట్ చిత్రాల్లో వాళ్లు కనిపించరు. ఆ ఊళ్ల వాళ్లు ఇప్పుడెక్కడున్నారని అడిగే విద్యార్థికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రాకెట్‌ను చూసి గర్వపడటానికీ ఆ ప్రశ్న అడగడానికీ పొత్తు కుదురుతుంది. రెండూ తెలిసినవాడు తీసిన చిత్రాన్నే నేను నమ్ముతాను.

పరికరాలు ఏటేటా మారతాయి, వాటిని పిల్లలు మనకంటే ముందే నేర్చుకుంటారు. మీడియా పాఠాలు చెప్పే తోటి అధ్యాపకులకు నా మనవి ఒకటే. విద్యార్థి తెచ్చిన ప్రతి పని గురించీ మొదట ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడ నిలబడి చూశావు? ఎవరి మాట విన్నావు? ఎవరిని వదిలేశావు? వీటికి తడబడకుండా జవాబు చెప్పినవాడి చేతికే డిగ్రీ ఇవ్వండి.