పెంకులా, రేకులా?

“ముంగట పెంకులకు వెయ్యాల్నా, ఎనక రేకులకు వెయ్యాల్నా? ఏదో ఒకటి చెప్పున్రి సార్. ఎల్లుండి నుంచి నాకు హయత్‌నగర్ల పనున్నది” అన్నాడు పెయింటర్.

ఏప్రిల్ మొదటి వారం, మధ్యాహ్నం పన్నెండు. మేడ మీద చెప్పులు విప్పి నిలబడలేం. నా దగ్గరున్నది పదివేలు. పెంకులు కడిగి, పరంజా కట్టి, రెండు కోట్లు వెయ్యడానికి 9,500 అడిగాడు. రేకులకు 6,000. రెండింటికీ చాలదు. ఇంటి ఖర్చు వ్యవహారానికి ఇంత ఆలోచనేంటని నాకూ అనిపించింది. పొద్దుగూకినంక ఫోన్ చేస్తానని చెప్పి పంపేశాను. ఆ ఆలోచన ఇప్పటికీ తెగలేదు.

ముందు ఇల్లు చెప్పాలి. చైతన్యపురికీ కొత్తపేటకీ మధ్య ఒక గల్లీలో 180 గజాలు. నాయిన 1994లో కట్టాడు. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, ఊరికి పోయే బస్సు ఇంటి దగ్గరే ఎక్కొచ్చని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ల మధ్య స్థిరపడిపోయినవాళ్ళలో ఆయనొకడు. పోర్టికో మీద ఏటవాలు స్లాబు, దాని మీద ఎర్ర పెంకులు. మావాళ్ళు వీటిని బెంగుళూరు పెంకులంటారు గానీ వాటి పుట్టిల్లు మంగళూరు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు అక్కడ పెట్టిన ఫ్యాక్టరీతో మొదలై దేశమంతా పాకాయి. మా ఇంటి మీద మాత్రం అవి పెంకుల పని చెయ్యవు. వాన ఆపేది కింద ఉన్న స్లాబు. పెంకులు అందానికి అతికించినవి. ముప్ఫై ఏళ్ళకి నాచు పట్టి నల్లబడ్డాయి.

వెనక, మేడ మీద ఒక గది. ఇటుక గోడలు, పైన సిమెంటు రేకులు. 2003లో వేయించాం. మన దగ్గర టు-లెట్ బోర్డు మీద ఇలాంటి గదిని ‘పెంట్‌హౌస్’ అని రాస్తారు. అమెరికాలో ఉండి వచ్చిన మిత్రుడొకడు మా బోర్డు చూసి చాలాసేపు నవ్వాడు. అందులో అచ్చంపేట వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు ఉంటారు. కిరాయి 5,500. చిన్నవాడు గ్రూప్స్‌కి ప్రిపేరవుతూ పగలంతా స్టడీ హాల్లో ఉంటాడు. పెద్దవాడికి గోడౌన్లో రాత్రి డ్యూటీ. అంటే మే నెల మధ్యాహ్నం రెండింటికి ఆ రేకుల కింద ఒక మనిషి నిద్రపోవడానికి తంటాలు పడుతుంటాడు.

నాయిన పెంకులే అన్నాడు. మేలో చెల్లెలి పెళ్ళిచూపులు. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యేదాకా మా ఇంటి పైభాగం కాకులకీ, సంక్రాంతికి పతంగులెగరేసే పిల్లలకీ తప్ప ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటాక రైల్లో కిటికీ పక్కన నిలబడితే కనిపించేవన్నీ మేడలే: నల్ల నీళ్ళ ట్యాంకులు, హాస్టల్ పిల్లల లుంగీలు, సగం లేపి వదిలేసిన పిల్లర్లు. వాటి మధ్య మా పెంకులు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి అవతలివాళ్ళకి ‘మెట్రోల కెల్లి ఇల్లు కనబడ్తది’ అని చెప్పి ఉన్నాడట. “నల్లగ మసిబట్టినట్టున్నది. ఏమనుకుంటరు?” అన్నాడు నాయిన.

నేను దీన్ని తీసిపారెయ్యలేదు. మొదటి రోజు ఆయన వైపే ఉన్నాను కూడా. చదువుకున్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది, పైకి కనిపించడానికి చేసేదంతా బూటకం అనుకుంటాం. రస్కిన్ 1849లో వాస్తు కళ మీద రాసిన పుస్తకంలో, ఒక పదార్థం ఇంకో పదార్థంలా కనబడేట్టు రంగు వెయ్యడం మోసమని తేల్చేశాడు. కానీ పెయింటర్ చూపించిన రంగు పేరు ‘టెర్రకోట’. మట్టి పెంకుకి మట్టి రంగు. పెంకు ఇంకోటిలా నటించదు, తన వయసు మాత్రం దాచుకుంటుంది. నాయిన కూడా పెళ్ళిచూపుల నాటికి జుట్టుకి రంగేసుకుంటాడు. దాన్ని నేను మోసమంటానా? అనను. మా ఊళ్ళో నాయనమ్మ ఇంటి గూన పెంకులకి ఎవరూ ఎన్నడూ రంగెయ్యలేదన్న మాట నిజమే. వానలు పడేలోపు గూనంతా దించి, పగిలినవి ఏరి, మళ్ళీ కప్పించేవాళ్ళు. అక్కడ పెంకు వాన ఆపాలి, ఆపేది. మాది ముఖం. ముఖం కడుక్కోవడంలో తప్పు లేదు.

రేకుల సంగతి వేరు. సిమెంటు రేకు పల్చన. స్లాబులాగా పగలంతా వేడి తాగి రాత్రి మెల్లగా వదలదు. ఎండ ఎక్కగానే కాలిపోతుంది, పొద్దుగూకాక తొందరగా చల్లారుతుంది. అందుకే రాత్రి పడుకునేవాళ్ళు ఎలాగో నెట్టుకొస్తారు, పగలు పడుకునేవాడు ఉడికిపోతాడు. దాని మీద ఎండని తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే లోపలికొచ్చే వేడి తగ్గుతుంది. ఇది హైదరాబాద్‌లో చేసి చూసిన పనే. 2017లో దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ళ కప్పుల మీద తెల్ల పొర పరిచి కొలిచారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు, అందులో 200 హైదరాబాద్‌లోనే, ఇలా చల్లబరచాలని లక్ష్యం.

ఆ పాలసీలో నన్ను ఆపింది ఒక అంకె. ఇళ్ళ విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే అది తప్పనిసరి. అంతకన్నా చిన్నవాళ్ళ ఇష్టం. చిన్న ఇంటివాళ్ళ మీద భారం వెయ్యకూడదన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ మా గల్లీలో 600 గజాల ఇల్లు ఒక్కటీ లేదు, రేకుల గది లేని మేడ వెతుక్కోవాలి. అలా ఈ విషయం చట్టం చేతిలోంచి జారి నా చేతిలో పడింది.

ఖర్చు చదరపు మీటరుకి 300 రూపాయలని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. మా రేకులు 200 చదరపు అడుగులు. లెక్కేస్తే 5,574. (రేకుల మడతలకి రంగు ఎక్కువ తాగుతుందని పెయింటర్ 6,000 అన్నాడు, అదీ న్యాయమే.) అంటే రెండు డిగ్రీల ధర ఆ గది ఒక నెల కిరాయి. ఇరవై ఏళ్ళుగా మేం ప్రతి నెలా తీసుకుంటున్న దాంట్లో ఒక్కసారి.

రేకులకే వేయిద్దామని అప్పుడే అనుకున్నాను. కొంచెం గొప్పగా కూడా అనిపించింది. సాయంత్రం చిన్నవాడు మెట్ల మీద కనబడితే చెప్పాను. వాడి ముఖం వెలుగుతుందనుకున్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, “పెయింటేస్తే కిరాయి పెంచుతరా అన్నా?” అన్నాడు.

“ఛ, లేదు” అన్నాను. వాడు నవ్వాడు. నమ్మినట్టు లేదు.

నా గొప్పతనం ఆ మాటతో దిగిపోయింది. నేను వాళ్ళకి మేలు చేస్తున్నాననుకున్నాను, వాడికి అది ఖర్చు కబురులా వినిపించింది. వాడి తప్పేం లేదు. ఈ ఊళ్ళో మోటారు బాగుచేసినా, గీజర్ పెట్టినా కిరాయి పెరుగుతుంది. నన్ను కుదిపిన ప్రశ్న ఇంకోటి: నేను వెయ్యబోయే పెయింటు ఏమిటి, దానమా, బాకీయా? దానమైతే వెయ్యకపోయినా నన్నెవరూ అడగలేరు, వేస్తే వాళ్ళు కృతజ్ఞతగా ఉండాలి. బాకీ అయితే కృతజ్ఞత ఊసే లేదు, ఇంతకాలం ఎగ్గొట్టిన లెక్క చూడాలి.

బాకీయే అని నేను ఎందుకు అనుకుంటున్నానంటే, ఏసీ. మా బెడ్రూం ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మేడ మీద ఉంటుంది, వాళ్ళ కిటికీకి ఐదారడుగుల దూరంలో. మధ్యాహ్నం మా అమ్మ ఏసీ వేసుకుంటే ఆ వేడిగాలి పెద్దవాడు పడుకున్న వైపుకే పోతుంది. ఇంకా ఉంది. ఎండాకాలం మా ఇంట్లో ఆ గది కిరాయిని కరెంటు బిల్లుకే పక్కన పెడతాం. వాళ్ళు ఇచ్చిన డబ్బుతో మేం చల్లగా ఉండి, మా వేడిని వాళ్ళకి పంపుతున్నాం. ఇన్నేళ్ళూ ఆ యూనిట్ పక్కనే బట్టలు ఆరేసుకున్నాను గానీ ఇది తట్టలేదు.

ఒక స్నేహితురాలికి చెబితే నా ముఖం మీదే అనేసింది: “తెల్ల రంగు మీ మనసు చల్లబడటానికి వేస్తున్నారు. మనిషి పగలు ఉండలేని గదిని కిరాయికివ్వడమే తప్పు. దానికి సున్నం కొడితే తప్పు ఇంకో పదేళ్ళు నడుస్తుంది.” కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో మామిడికాయల పెట్టె కొంటే పైవరస ఒకలా, అడుగువరస ఒకలా ఉండేది. ఆమె దృష్టిలో పెంకులైనా, తెల్ల రేకులైనా పైవరసే.

నాకు జవాబు దొరకలేదు. గది ఖాళీ చేయిస్తే వాళ్ళు పక్క గల్లీలో ఇంకో రేకుల గదికే పోతారు, రంగు కూడా లేనిదానికి. ఇది నిజమే. కానీ ఇది ప్రతి ఇంటి ఓనరూ చెప్పుకునే నిజం, అందుకే నాకు దాని మీద అనుమానం. రేకులు తీసేసి స్లాబు వెయ్యాలంటే లక్షలు. ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చే మాటలు మా ఇంట్లో రెండేళ్ళుగా నడుస్తున్నాయి. కూలగొట్టబోయే ఇంటికి స్లాబు ఎవరు వేస్తారు? అలాగని కూలే రోజుదాకా పెద్దవాడు ఉడకాలా? తప్పుని పూర్తిగా సరిదిద్దలేనప్పుడు కొంచెం తగ్గించడం కూడా తప్పేనన్న వాదన ఏసీ గదిలో కూర్చుని చెయ్యడం తేలిక. ఆమె గదిలోనూ ఏసీ ఉంది, నా గదిలోనూ ఉంది.

పెయింటర్‌కి ఫోన్ చేసి రేకులకే అని చెప్పాను. నాయిన ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర టీవీ సౌండు పెంచాడు.

పని మొదలైన రోజు ఇంకోటి బయటపడింది. అతను వైరు బ్రష్ తీసి రేకుల మీది నాచు గీకడం మొదలుపెట్టాడు. సన్నటి దుమ్ము లేచింది. అవి 2003 నాటి సిమెంటు రేకులు, అంటే ఆస్బెస్టాస్. రేకు ఊరికే ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు గానీ, గీకినా, కోసినా, పగలగొట్టినా కంటికి కనపడని నూలుపోగులు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒకడికి రెండు డిగ్రీలు తగ్గించడానికి ఇంకొకడి ఊపిరి మీదికి తెస్తున్నాను. ఆపమన్నాను. పైపుతో మెల్లగా తడిపి, తడి మీదే మెత్తటి బ్రష్‌తో రుద్దమన్నాను. మాస్కు తెచ్చిచ్చాను. “ఇరవై ఏండ్లసంది గీకుతున్న సార్, ఎవ్వరు చెప్పలె” అన్నాడతను, నేనేదో వింత మనిషినన్నట్టు. మాస్కు గంటసేపు పెట్టుకుని గడ్డం కిందికి లాగేశాడు. రేకు మీద నేరుగా కాలు పెడితే విరిగి కిందపడతారని అడ్డంగా చెక్క వేసుకోవడం మాత్రం నాకన్నా అతనికే బాగా తెలుసు. తడిపి రుద్దడానికి ఒక రోజు ఎక్కువ పట్టింది. ఆ కూలీ 900. ఇచ్చాను.

తెల్లగా మెరిసింది. పెద్దవాడు మూడో రోజు, “జర ఫరక్ ఉన్నదన్నా, ఫ్యాన్ గాలి మునుపటంత ఉడుకు లేదు” అన్నాడు. పక్క బిల్డింగ్ మూడో అంతస్తు ఆంటీ, వంటింట్లోకి తళతళ కొడుతోందనీ పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాననీ అమ్మకి కంప్లైంట్ చేసింది. వెళ్ళి చూశాను, నిజమే. కర్టెను కొనిస్తానంటే వద్దంది. దుమ్ము పడి రంగు మాసేదాకా ఆమె ఓర్చుకోవాలి. రంగు మాసితే పెద్దవాడి రెండు డిగ్రీలు కూడా తగ్గిపోతాయి.

పెళ్ళివాళ్ళు మేలో వచ్చారు. మెట్రోలో కాదు, కార్లో. పెంకుల వైపు తలెత్తి చూసినవాళ్ళు లేరు. సంబంధం కుదరలేదు, జాతకాలు కలవలేదన్నారు. నాయిన పెంకుల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది.

జూన్‌లో ఆయన కిరాయి 500 పెంచాడు. ఆయన ప్రతి జూన్‌లో పెంచుతాడు, రేకులకి రంగు లేనప్పుడూ పెంచాడు. పెయింటుకీ దీనికీ సంబంధం లేదని నేను చిన్నవాడికి ఎలా చెప్పాలి? ఈసారి వద్దని నాయినని అడిగాను. “ఇంటి పన్ను నువ్వు గడ్తవా?” అన్నాడు. కట్టడం లేదు. ఒకటో తారీఖున ఫోన్‌లో 6,000 వచ్చాయి. 500 తిరిగి పంపాను. పది నిమిషాల్లో వాడు ఫోన్ చేశాడు.

“ఎందుకన్నా వాపస్ గొట్టినవ్? అంకుల్ అడిగిండు గదా.”

ఆ 500 మళ్ళీ నా అకౌంట్‌లోకే వచ్చాయి.