మునిగిన కారు, అమ్మేవాడి ధర్మం

2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు నీట మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ ఆ బండిని పూర్తి నష్టంగా లెక్కగడుతుంది. అలాంటి బండినే కొందరు కడిగి, పాలిష్ పట్టించి, తక్కువ ధరకు మళ్లీ అమ్మకానికి పెడతారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురదనీటి చార బయటపడుతుంది; సీటు కింద బోల్టులకు తుప్పు కనిపిస్తుంది.

చవకగా అమ్మడం తప్పు కాదు, దాచడమే తప్పు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, చెప్పాల్సిన బాధ్యత లేనిచోట ఊరకుండటం మోసం కాదు. కానీ ధర్మం ఇంకా ఎక్కువ అడుగుతుంది. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ని మహమ్మద్ ప్రవక్త మందలించినట్టు హదీసు చెబుతుంది: తడి పైకి కనిపించాలి. ఇక్కడ సరిగ్గా సరిపోయే తీర్పు ఇదే, ఎందుకంటే దాచిన లోపం ధర దగ్గర ఆగదు. నీరు తాగిన ఎయిర్‌బ్యాగ్ వైరింగు అవసరానికి పనిచేయకపోతే ప్రాణం పోయేది బేరంతో సంబంధం లేని పిల్లలది కావచ్చు.

తెలిసి కొన్నవాడికీ ఈ బాధ్యత తప్పదు. రేపు తాను అమ్మేటప్పుడు ఆ చరిత్రంతా చెప్పాలి, ధర తగ్గినా సరే.