బోను ముందు దయ

సెలవు దినములలో విజయనగరము నుండియు, శ్రీకాకుళము నుండియు పిల్లలతో కూడిన కుటుంబములు విశాఖపట్టణమునకు బస్సులలో పోవుట పరిపాటి. సంచిలో పులిహోర, చేతిలో మంచినీటి సీసా. గమ్యము ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల. 1977 మే 19న ప్రజలకై తెరువబడిన ఈ శాల 625 ఎకరముల విస్తీర్ణము గలది. ఒక దిక్కున బంగాళాఖాతము, తక్కిన దిక్కుల తూర్పు కనుమలు. కంబాలకొండ అడవి దానిని ఆనుకొనియే యున్నది.

అట్టి కుటుంబములోని ఏడేండ్ల బాలుడు పులి ఆవరణ ముందు నిలిచి, "తాతా, ఈ పులి ఏమి తప్పు చేసింది?" అని అడిగినచో, ఆ వృద్ధుడేమి చెప్పవలెను?

తప్పు చేసినవానినే బంధింతురని నేర్చిన బాలునకు ఆ సందేహము సహజము. వేళకు ఆహారము దొరకును, వేటగాని భయము లేదు, చూచినవారికి జ్ఞానము కలుగును అని సాధారణముగా చెప్పుదురు. ఇవి అసత్యములు కావు, కాని చాలవు. కడుపు నిండుటయే సుఖమైనచో పంజరములోని చిలుక కొమ్మ మీది చిలుకను చూచి జాలిపడవలెను గదా!

అట్లని బోనులన్నియు ఒక్కటి కావు. వీరఘట్టములో జన్మించిన కోడి రామమూర్తి ఏనుగును ఛాతీపై నిలుపుకొని దేశమును అబ్బురపరచిన నాడు సర్కసు మన ప్రాంతమునకు గర్వకారణము. ఆ వీరుడు తన దేహమును తానే పరీక్షకు ఒడ్డెను. కొరడా దెబ్బకు ఆడిన సింహమునకు ఆ స్వేచ్ఛ లేదు. సింహములను, పులులను, ఎలుగులను, కోతులను సర్కసులలో ఆడించుటను కేంద్ర ప్రభుత్వము 1998లో నిషేధించినది. అట్లు విడిపించిన సింహములకు, పులులకు విశాఖ శాలలోని రక్షణకేంద్రమే నెలవైనది. వేటాడుట నేర్వని మృగమునకు తలుపు తెరచుట విముక్తి కాదు, మరణము. అడవిలో తరుగుచున్న రేచుకుక్కల సంతతిని పెంచు పనియు ఈ శాలలో సాగినది. కావున ఈ బోను ఎవరి కొరకు అని అడుగవలెను. జీవి రక్షణ కొరకైనచో అది ఆశ్రయము. మన కంటి వేడుకకు మాత్రమే యైనచో అది చెరసాల.

అయితే దయకు అసలు పరీక్ష బోనుకు వెలుపలనే. ఒడిశా అడవుల నుండి దిగివచ్చిన ఏనుగులు ఈ ప్రాంతపు పంటపొలములలో తిరుగాడుచు, కొందరి ప్రాణములను సైతము బలిగొన్నవి. 2023 మే నెలలో భామిని మండలమున నాలుగు ఏనుగులు విద్యుదాఘాతమునకు గురియై మరణించినవి. టిక్కెట్టు కొని ఏనుగును చూచి మురిసిన కుటుంబమే, తన చేనిలో అది అడుగిడిననాడు దానిని శత్రువనుకొనును. ఏడాది కష్టమును ఒక్క రాత్రిలో పోగొట్టుకొన్న రైతుకు దయను బోధించుట సులభము కాదు. నష్టమును పంచుకొనక బోధించుట న్యాయమును కాదు.

కాని మార్గము లేకపోలేదు. టెక్కలి సమీపమున తేలినీలాపురములో ఏటేటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్లపై గూళ్లు కట్టును. వాని రాక శుభమని గ్రామస్థుల నమ్మకము. రెట్టలను, రొదను సహించి వానిని కాపాడుచున్నారు. అచట ఊచలు లేవు, సంకెలలు లేవు. పక్షి తనంత తాను వచ్చును, తనంత తాను పోవును.

పన్నెండవ శతాబ్దమున కళ్యాణములో బసవేశ్వరుడు సకల ప్రాణులయందు దయను ధర్మమునకు మూలముగా నిలిపెను. బసవ శబ్దము వృషభ శబ్దమునకు వికృతి. పేరులోనే పశువును ధరించిన గురువును తలచువారికి, పశువు మనకంటె దూరపు చుట్టము కాజాలదు.

కనుక ఆ తాత మనుమని తల నిమిరి ఇట్లు చెప్పవచ్చును: "అది ఏ తప్పూ చేయలేదు బాబూ. దాని అడవిని మనము తగ్గించినాము. అందుకే దాని ముందు కేకలు వేయకూడదు, రాళ్లు విసరకూడదు. ఇంటికి పోయిన తరువాత కూడా దానిని మరువకూడదు."

ఆ చివరి మాటయే కష్టమైనది. సాయంకాలపు బస్సులో బాలుడు నిద్రపోవును; పెద్దవారు మాత్రము మేలుకొని యుండవలెను.