మిగిలిన డబ్బు ఎక్కడినుంచి వచ్చింది?

చింతపండు పిప్పి పారేయకుండా దాంతో రాగిచెంబు తోమొచ్చు. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోయొచ్చు. పాత టీషర్టు చింపితే నాలుగు తుడుపుగుడ్డలు వస్తాయి. టూత్‌పేస్ట్ ట్యూబుని మధ్యకి కత్తిరిస్తే ఇంకో మూడు రోజులు లాగించొచ్చు. ఇలాంటి చిట్కాలు ఎన్ని చదివినా నాకు విసుగు రాదు. ఎవర్నీ మోసం చెయ్యకుండా, ఎవర్నీ అడక్కుండా, ఏదో సంపాదించినట్టుండే చిన్న సంతోషం ఉంది వాటిలో. కానీ ఓ పాతిక వరసగా చదివాక ఒకటి అర్థమవుతుంది. ప్రతి చిట్కా ఎంత మిగులుతుందో చెప్తుంది. ఆ మిగులు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పదు.

ఒక ఇంట్లో నెలాఖరుకి 500 రూపాయలు మిగిలాయంటే అవి వృథాగా పోతున్నదేదో ఆపడం వల్ల మిగిలి ఉండొచ్చు. అలా అయితే గొడవే లేదు. లేదా ఇంట్లో ఒకరి మధ్యాహ్నపు నిద్రలోంచి వచ్చి ఉండొచ్చు. ఇంకెవరి కూలిలోంచో కోసుకుని ఉండొచ్చు. మన ఒంట్లోంచే తీసి ఉండొచ్చు కూడా, పంటినొప్పిని ఇంకో నెల ఓర్చుకుని, డాక్టర్ ఫీజు దాచుకుని. ఖర్చుల పుస్తకంలో ఇవన్నీ ఒకటే అంకె. 500 అంటే 500. పొదుపు మంచిదా కాదా అని అడగడం కంటే ఈ 500 ఎవరిది అని అడగడం నాకు ముఖ్యమనిపిస్తుంది.

మా పెద్దమ్మది తాండూరు. తాండూరు అంటే బయటివాళ్ళకి రెండు గుర్తొస్తాయి, కందిపప్పు, బండలు. అక్కడి నల్లరేగడి కందులకి 2022 డిసెంబర్‌లో జీఐ గుర్తింపు వచ్చింది. తొందరగా ఉడుకుతాయనీ ఎక్కువకాలం నిల్వ ఉంటాయనీ వాటికి పేరు. తొందరగా ఉడకడమంటే గ్యాసు ఆదా కాబట్టి, పప్పు కూడా ఒక పొదుపు చిట్కానే అనుకోవచ్చు. సంక్రాంతి దగ్గర పడ్డాక కొత్త కందులు మార్కెట్‌కి వస్తాయి. పెద్దమ్మ అప్పుడు ఏడాదికి సరిపడా కొంటుంది, అదీ పప్పు కాదు, కందులు. కొన్నిటికి ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి పెడుతుంది. కొన్ని గిర్నీలో పప్పు పట్టించి, చేతికి ఆముదం రాసుకుని పప్పంతటికీ పులిమి, వేపాకు వేసి డబ్బాల్లోకి ఎత్తుతుంది. పొట్టు పక్కింటి బర్రెకి పోతుంది. నూక వేరే డబ్బాలోకి పోతుంది, అది పిండిలో కలుస్తుంది. కందికట్టె వాకిలి ఊడ్చే పొరక అవుతుంది, పొయ్యిలో మంట అవుతుంది. పారేయడానికి చివర్లో ఏమీ మిగలదు. ఎవరైనా వీడియో తీస్తే లక్షమంది చూస్తారు.

అయితే ఆ వీడియోలో కనపడనిది ఒకటుంది. బస్తా కందులు కొనాలంటే ఒకేసారి వేలల్లో డబ్బు కావాలి, పెట్టుకోడానికి ఎలకలు తిరగని గది కావాలి, ఎండబెట్టడానికి సొంత డాబా కావాలి. పెద్దమ్మకి అవన్నీ ఉన్నాయి, పెదనాన్న పెన్షన్ కూడా ఉంది. ఆ కందిచేన్లలో కోతకి పోయే మనిషి కిరాణా షాపులో పావుకిలో పప్పు కొంటుంది. అది అయిపోయాక మళ్ళీ పావుకిలో. చిల్లర ధర ఎప్పుడూ ఎక్కువే. టెర్రీ ప్రాచెట్ 1993 నాటి తన 'మెన్ ఎట్ ఆర్మ్స్' నవలలో ఒక పోలీసు అధికారి చేత ఈ లెక్కే బూట్ల మీద వేయిస్తాడు. 50 డాలర్ల బూట్లు ఏళ్ళ తరబడి మన్నుతాయి. అంత పెట్టలేనివాడు 10 డాలర్లవి మళ్ళీమళ్ళీ కొని, చివరికి అంతకు రెట్టింపు ఖర్చుపెట్టి కూడా తడి కాళ్ళతోనే తిరుగుతాడు. చదివినప్పుడు నవ్వొస్తుంది, తర్వాత రాదు. 'హోల్‌సేల్‌లో కొనుక్కోండి' అనే సలహా ఎవరికి చెప్తున్నామో చూసుకోకుండా చెప్తే అది ఎగతాళి అవుతుంది. పొదుపు చెయ్యడానికి ముందు కొంచెం డబ్బుండాలి. లేనివాళ్ళు చేసేదానికి మనం వేరే పేరు వెతకాలి. వాళ్ళు మిగిల్చుకోవడం లేదు, సర్దుకుంటున్నారు.

(మధ్యతరగతి ఇళ్ళలో ఇంకో పాత అలవాటుంది. రేషన్ దొడ్డుబియ్యం ఇడ్లీకి బాగుంటాయని తెలిసినవాళ్ళ కార్డు మీదవి తక్కువకి కొనడం. అది కూడా చిట్కాల కిందే చెప్పుకునేవాళ్ళు. ఆ కార్డువాళ్ళు తమ బియ్యం ఎందుకు అమ్ముకుంటున్నారని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.)

ఇక బండలు. కరణ్‌కోట్, ఓగిపూర్ దారుల్లో వెళ్తుంటే నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, వాటి పక్కన కొండల్లా పోసిన విరిగిన ముక్కలు కనిపిస్తాయి. వికారాబాద్ దగ్గర ఇల్లు కట్టుకున్న స్నేహితుడొకడు ఆ ముక్కలే ఒక ట్రాక్టర్ తెప్పించి, ఆదివారాలు కూర్చుని తనే పేర్చుకుని, వాకిట్లో నడకదారి వేసుకున్నాడు. నీలం, పసుపు ముక్కలు కలిసి చాలా బాగుంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపిస్తాడు. చూపించనీ. పనికిరాదని పడేసినదాన్ని పనికి తెచ్చాడు, ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు. అదే ఇంట్లో గదులకి వేసిన పెద్ద బండల సంగతి వేరు. మార్బుల్ కంటే చవగ్గా వచ్చాయని అవి కూడా పొదుపు లెక్కలోనే రాసుకున్నాడు. ఆ చవక కొంత రాయి గుణం, కొంత దూరం తక్కువ కావడం. మిగతాది గనిలో బండ లేపినవాళ్ళ కూలి, కోసినచోట రోజంతా పీల్చిన దుమ్ము. తాండూరులో దుమ్ము సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఆ బజారులో అరగంట నిలబడినవాళ్ళెవరైనా చెప్తారు. బండలు కొనకూడదని నేననడం లేదు. మా ఇంట్లోనూ అవే. ముక్కల మీద మిగిలిందీ బండల మీద మిగిలిందీ ఒక్కటే అనుకుంటే మాత్రం ఒప్పుకోలేను.

అన్నిటికన్నా చిక్కు లెక్క బొంతది. ఐదారు పాతచీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచులు మడిచి, అడ్డంగా నిలువుగా దగ్గరదగ్గరగా కుట్టుకుంటూ పోవాలి. చేత్తో కుడితే రెండు వారాల మధ్యాహ్నాలు పడుతుంది. 40 గంటలనుకుందాం. గంటకి 50 రూపాయలు వేసుకున్నా 2,000. ఆ డబ్బుకి బజార్లో మంచి రగ్గే వస్తుంది. అంటే బొంత చవక కాదు, ఇంట్లో ఉన్నవాటిలో బహుశా చాలా ఖరీదైన వస్తువు. కుట్టినామె టైముకి సున్నా వేస్తేనే అది పొదుపు అవుతుంది. మన చిట్కాల్లో చాలావాటికి ఈ సున్నాయే ఆధారం. వడియాలు, పచ్చళ్ళు, ఇంట్లో కొట్టిన కారం, అన్నిట్లోనూ. ఆ సున్నా ఎదురుగా ఉండే మనిషి ఎప్పుడూ ఆడమనిషే. అదే ఇంట్లో కొడుకు యూట్యూబ్ చూసి కుళాయి బిగిస్తే దానికి 'డీఐవై' అని పేరుంటుంది, స్టేటస్ ఉంటుంది.

హెన్రీ థోరో లెక్క కూడా ఇలాంటిదే. వాల్డెన్ చెరువు పక్కన కట్టుకున్న గుడిసెకి 28 డాలర్ల 12½ సెంట్లు అయిందని అర సెంటుతో సహా 1854 నాటి పుస్తకంలో రాసుకున్నాడు. స్థలం ఎమర్సన్‌ది. కలప, రాళ్ళు, ఇసుక అక్కడివే, వాటికి ధర వెయ్యలేదు. తన శ్రమకీ వెయ్యలేదు. నాకు థోరో ఇష్టం. ఆయన ఈ సంగతులేవీ దాచలేదు, ఆయన లెక్కని మెచ్చుకునేవాళ్ళే వాటిని దాటేస్తారు. తన శ్రమకి సున్నా వేసుకోవడం ఆయన ఎంచుకున్నది. బొంత కుట్టే మనిషికి 'ఈ ఏడు నేను కుట్టను, రగ్గు కొనండి' అనే వీలుందా? ఉంటే ఆ కుట్టు ఆమె సంతోషం. లేకపోతే అది జీతం లేని పని.

కుళాయి మనమే బిగించుకుంటే ప్లంబర్‌కి 300 పోయాయి కదా, అది తప్పు కాదా అని ఒక వాదన వస్తుంది. పాత వాదనే. బెర్నార్డ్ మాండెవిల్ 1714లో తేనెటీగల కథ చెప్పి, అందరూ పొదుపరులైతే పనివాళ్ళంతా పస్తులుంటారన్నాడు. 1936లో కీన్స్ దాన్ని మళ్ళీ బయటికి తీశాడు. దేశం మొత్తం లెక్కలో అందులో నిజముంది. ఒక ఇంటి నీతిగా మాత్రం నాకది నచ్చదు. 'మేం ఖర్చుపెట్టబట్టే వాళ్ళు బతుకుతున్నారు' అని దొరలు కూడా అనేవాళ్ళు. నా కుళాయి నేను బిగించుకోవడం తప్పు కాదు. ప్లంబర్‌ని పిలిచి, పని చేయించుకుని, 300 అడిగితే 150 చేతిలో పెట్టి పంపడం తప్పు. మొదటిదాంట్లో నేను పనిచేశాను. రెండోదాంట్లో అతని పని తీసుకున్నాను.

బేరం కూడా ఇక్కడికే వస్తుంది, అయితే అన్ని బేరాలూ ఒకటి కాదు. వికారాబాద్ సంతలో పెద్దమ్మ బెండకాయల దగ్గర చేసే బేరం సగం ముచ్చట. అవతలామెకీ ఆ ఆట తెలుసు, ఐదు ఎక్కువే చెప్తుంది. చివర్లో పెద్దమ్మ ధర ఒప్పుకుని కొసరు అడుగుతుంది, ఆమె నాలుగు కాయలు వేస్తుంది. కొసరులో ఇచ్చేవాళ్ళ మర్యాద నిలబడుతుంది, ఇచ్చింది తనే కాబట్టి. యాప్‌లో 'డెలివరీ ఫ్రీ' అని వచ్చినప్పుడు ఆ కొసరు ఎవరు వేశారు? బండి మీద వచ్చిన కుర్రాణ్ణి ఎవరూ అడగలేదు.

తెలుగులో 'పొదుపు' అనే మాటకి గత ముప్ఫై ఏళ్ళలో ఇంకో అర్థం కూడా వచ్చింది. 'పొదుపుకు పోవాలె' అంటే సంఘం మీటింగ్‌కి పోవాలని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం పాకాక ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. 'పొదుపు లక్ష్మి' అలా పుట్టింది. ఆ రూపాయి ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. సారా దుకాణానికి పోవాల్సిన డబ్బులోంచి. దానికంటే న్యాయమైన చోటు ఉండదు. తర్వాత సంఘాలు ఊరూరా వచ్చాయి, బ్యాంకు పుస్తకం మీద మొదటిసారి ఆమె పేరు ఎక్కింది. అది చిన్న విషయం కాదు. ఆ వెనకే మైక్రోఫైనాన్స్ కంపెనీలూ వచ్చాయి. వారం వారం కిస్తీలు, ఒకామె కట్టకపోతే గ్రూపంతా ఆమె ఇంటి ముందు కూర్చోవడం, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పటికి చాలా ఇళ్ళలో ఆ రూపాయి సారా నుంచి రావడం లేదు, పొయ్యి మీది గిన్నెలోంచి వస్తోంది. పేదవాళ్ళకి క్రమశిక్షణ నేర్పాలని అందరికీ ఉత్సాహమే. కూలి పెంచడం దగ్గరికొచ్చేసరికి ఆ ఉత్సాహం ఉండదు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం. తాండూరు నుంచి వికారాబాద్ కాలేజీకి వచ్చే అమ్మాయికి నెలకి ఎంత మిగులుతుందో ఆమెనడిగితే ఠక్కున చెప్తుంది. ఆటోవాళ్ళు గిరాకీ పోయిందని రోడ్డెక్కారు, వాళ్ళు చెప్పిందీ నిజమే. ఇక్కడా ఎవరి డబ్బో ఇంకెవరికో మిగిలింది. కాకపోతే అందరికీ తెలిసేలా జరిగింది కాబట్టి కనీసం వాదించుకోగలుగుతున్నాం. సున్నాల కింద దాచిన పొదుపుతో వాదించే వీలు కూడా లేదు.

పెద్దమ్మ ఇప్పుడు బొంతలు తను కుట్టడం మానేసింది. వీధి చివర ఒకామెకి ఇస్తుంది, ఆమె అడిగినంత ఇస్తుంది. ఆమె కంది కోతలకీ పోతుంది. పోయినేడు కందులు ఎండబెడుతుంటే చూసి అడిగిందట: "వచ్చేసారి నాకు గూడ పది కిలోలు కలుపు పెద్దమ్మా. పైసలు నెలనెలా ఇస్త."

పెద్దమ్మ వెంటనే సరే అనలేదు. నాకు ఆశ్చర్యమేసింది, పది కిలోల డబ్బు ఆమెకి లెక్క కాదు. ఫోన్‌లో అడిగితే చెప్పింది. "ఇస్తే బాకీ ఉంటది. బాకీ ఉంటే నేను పిలిచినప్పుడల్లా రావాల్నని అనుకుంటది. ఇంకోకాడ మంచి కూలి దొరికినా నాకాడికే రావాల్నా?" పూర్వం జీతగాళ్ళని అలాగే కట్టేసేవాళ్ళని ఆమెకి తెలుసు.

చివరికి తిరగేసి చేశారు. ఆమే ముందుగా నెలకి 100 ఇస్తుంది, పెద్దమ్మ ఒక డబ్బాలో వేస్తుంది, సంక్రాంతికి కందులు కొనేటప్పుడు అవి కలుపుతారు. వానాకాలంలో రెండు నెలలు కట్టలేకపోయింది, అది వేరే సంగతి. మా అన్న బ్యాంకులో పనిచేస్తాడు, వాడు ఊరుకోడు కదా. "అమ్మా, ఇప్పుడు ఆమె నీకు అప్పిచ్చినట్టు. నువ్వు ఆమెకు మిత్తి కట్టాలె" అన్నాడు.

"కడ్త" అంది పెద్దమ్మ. "పది కిలోల మీద అర్ధకిలో కొసరేస్త."