మిగిల్చింది ఎవరి సొమ్ము?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న పెద్దమనిషెవరో గాని, ఆ రెండూ చేసి అప్పులపాలయ్యాకే ఆ మాట అని ఉంటాడు. రెండింటిలోనూ కాగితం మీద వేసుకున్న లెక్క ఒకటి, చివరికి తేలే లెక్క ఇంకొకటి. పెళ్ళి ఖర్చు పెరిగితే మగపెళ్ళివారిని తిట్టుకుంటాం. ఇంటి ఖర్చు పెరిగితే కాంట్రాక్టరును తిట్టుకుంటాం.

మా గోదావరిఖనిలో ఈ రెండో రకం తిట్లు తరచుగా వినబడుతుంటాయి. ఏళ్ళ తరబడి బొగ్గుబాయిలో పనిచేసి, రిటైరయ్యాక సింగరేణి క్వార్టరు ఖాళీ చెయ్యవలసిన వాళ్ళు ఇక్కడ ఎందరో. చేతికొచ్చిన ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ పెట్టి రెండు గదులు వేసుకుంటారు. ఆ డబ్బు మళ్ళీ రాదు. అటువంటి ఇంటికి అనుకున్నదానికంటే రెండు లక్షలు ఎక్కువైందంటే, అది ఏ ఆడపిల్ల పెళ్ళికో, ఏ మోకాళ్ళ ఆపరేషనుకో దాచుకున్నదన్న మాట.

అసలు ఖర్చు పెరగకుండా కాంట్రాక్టర్లు ఏం చేస్తారు? ఇక్కడే చాలాకాలంగా ఇళ్ళు కడుతున్న ఒక పెద్దాయన్ని అడిగాను.

“ఖర్చు గోడ దగ్గర పెరగదమ్మా, మాట దగ్గర పెరుగుతది. పునాది తీసినంక మెట్లు అటు గాదు, ఇటు పెట్టుమంటరు. స్లాబు పోసినంక ఇంకో అర్ర కావాలంటరు. అందుకే ఏ మార్పయినా రేటు రాసుకొని, సంతకం తీసుకున్నంకనే పని ముట్టుకుంట” అన్నాడాయన.

ఆయన చెప్పినవి ఇంకా ఉన్నాయి. ప్లాను ఖాయం కాందే పునాది తియ్యకూడదు. ఎంత పని అయింది, ఎంత డబ్బు అయిపోయిందీ వారం వారం పక్కపక్కన రాసి చూసుకోవాలి. స్టీలు ధర తక్కువగా ఉన్నప్పుడే కొని పెట్టుకోవచ్చు. సిమెంటు మాత్రం ఆవకాయ కాదుగా, ఊరబెట్టడానికి! మూడు నెలలు నిలవుంటే బలం తగ్గిపోతుంది. అనుకోని ఖర్చుకని నూటికి అయిదు రూపాయలైనా ముందే పక్కన పెట్టాలి. వింటుంటే ఇదంతా పోపులడబ్బాలో నోట్లు దాచే మన వంటింటి శాస్త్రమే కదా అనిపించింది నాకు.

ఈ శాస్త్రం మరిచినవాళ్ళు పెద్ద దేశాల్లోనూ ఉన్నారు. సిడ్నీ ఒపేరా భవనానికి 1957లో వేసిన అంచనా 70 లక్షల డాలర్లు. డ్రాయింగులు పూర్తి కాకుండానే 1959లో పని మొదలుపెట్టారు. 1973లో పూర్తయ్యేసరికి 10 కోట్ల 20 లక్షలు తేలింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని ఖర్చు అదుపు చెయ్యడానికి ఇంకో దారి కూడా ఉంది. కంటికి కనబడనిచోట కోత పెట్టడం! రామగుండం ఎండ సంగతి వేరే చెప్పాలా? వేసవిలో 45 డిగ్రీలు మాకు మామూలే. కొత్త స్లాబును కనీసం వారం, పదిరోజులు తడి ఆరకుండా ఉంచాలి. ట్యాంకరుకు డబ్బు, నీళ్ళు పట్టే మనిషికి కూలి. నాలుగోరోజే ఆపేస్తే ఆ మిగులు ఎవరికీ కనబడదు, కొన్నేళ్ళకు వాన కురిసి కప్పు కారేదాకా. తట్ట మోసే ఆడకూలీకి మగవాడికంటే తక్కువ ఇచ్చి మిగిల్చేవారున్నారు. ఒకే పనికి ఒకే వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చిందని ఆవిడకు ఎవరు చెబుతారు?

ఇది పొదుపా? కాదు. బిల్లును మన దగ్గర చించేసి, ఇంకొకరి పేర మళ్ళీ రాయడం.

పెద్ద పనుల్లో ఆ బిల్లు ఊరందరి పేరా వస్తుంది. మా గోదావరి మీది కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి 81,911 కోట్లవుతుందని కేంద్ర జల సంఘానికి చెప్పారు. అది 1,47,427 కోట్లు దాటవచ్చని 2024లో బయటికొచ్చిన కాగ్ నివేదిక తేల్చింది. ఇంత పోసినా 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. ప్రణాళిక, డిజైను, నాణ్యత, నిర్వహణ — అన్నిటా లోపాలున్నాయన్నారు పరీక్షించిన కేంద్ర నిపుణులు. అంటే, ఖర్చు పెరిగినంత మాత్రాన పని గట్టిగా ఉంటుందన్న భరోసా కూడా లేదన్న మాట!

మరి తప్పంతా కట్టేవాళ్ళదేనా? నలుగురు కాంట్రాక్టర్లను పిలిచి అడుగుతాం. ఒకాయన ఉన్నదున్నట్టు పన్నెండు లక్షలంటాడు. ఇంకొకాయన తొమ్మిదికే కట్టిస్తానంటాడు. పని ఎవరికిస్తాం? తొమ్మిదన్నవాడికే! గోడలు సగం లేచాక అతను చేతులెత్తేస్తే ఎక్కడికి పోతాం? ఇంకొకణ్ణి వెతుక్కోలేం. అడిగింది ఇచ్చుకుంటాం. నిజం చెప్పినవాడికి పని దొరక్కపోతే రేపు ఆయన కూడా అబద్ధమే నేర్చుకుంటాడు. టెండరు పెట్టెలో అయినా, మన వరండాలో అయినా జరిగేది ఇదే.

బేరమాడటం తప్పని నేననను. కూరగాయల దగ్గరే ఊరుకోనివాళ్ళం, ఇంటి దగ్గర ఊరుకుంటామా? కాకపోతే “ఇంకెంత తగ్గిస్తావు?” అనడంతో ఆగకుండా “ఎక్కడ తగ్గిస్తావు?” అని కూడా అడుగుదాం. ఎర్ర ఇటుక బదులు మన పవర్ స్టేషన్ బూడిదతో చేసిన ఇటుక వాడతానంటే సరే, నిక్షేపంగా ఒప్పుకుందాం. సిమెంటు బస్తా దగ్గరో, తట్ట మోసే ఆవిడ కూలి దగ్గరో అతని జవాబు తడబడితే మాత్రం, ఆ తగ్గింపు మనకొద్దు.