పేరు మిగిలిన రాగము

22వ కీర్తనకు పైన చిన్న అక్షరములలో నున్న మాటను మనలో అనేకులము చదువక దాటిపోవుదుము. ఆ కీర్తనను అయ్యలెత్ షహరు అను రాగముమీద పాడవలెనని గాయకులకు అక్కడ తెలుపబడినది. ఉదయపు లేడి అని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. పేరు మిగిలినది, రాగము పోయినది. దానిని పాడగలవాడు నేడు భూమిమీద ఒక్కడును లేడు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. సాధారణముగా మన చేతులలోనుండు ప్రతులలో రాగము పేరును తాళము పేరును ఉండును గాని స్వరములుండవు. అవి బోధను చుట్టుప్రక్కల పల్లెలలో, చెరకు చేలలో పనిచేసి అలసిన వృద్ధుల కంఠములలోనున్నవి. అందుచేత యౌవనులు, "అయ్యగారూ, ఇప్పుడు కంప్యూటరు ఉన్నది గదా, స్వరములన్నియు వెంటనే వ్రాసి అచ్చు వేయరాదా?" అని అడుగుచున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. ముసలివారు కనిపెట్టుకొని యుండరు. ఆలస్యము చేయుట వారియెడల అన్యాయము కాదా?

అయితే ఆ కంప్యూటరు పనిముట్టును చేసినవారే తొందరపడలేదు. లిలీపాండ్ అను స్వరలేఖన సాధనమును 1996లో నెదర్లాండ్సు దేశమున ఇద్దరు వాద్యకారులు, హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ అనువారు ప్రారంభించిరి. కంప్యూటరు అచ్చు వారి కంటికి జీవములేనిదిగా తోచెను. అందుచేత లోహపు రేకుమీద చేతితో చెక్కిన పాత పుటలను ముందుంచుకొని పరిశీలించిరి. స్వరచిహ్నముల కాడలు కొన్ని పైకి, కొన్ని క్రిందికి ఉండును. కొలబద్దతో సమదూరమున పెట్టినను కంటికి అవి సమముగా కనబడవు. పూర్వపు పనివారు వెండ్రుకవాసి జరిపి కంటికి సరిచేసిరి. ఇటువంటి సూక్ష్మములను ఒక్కొక్కటిగా యంత్రమునకు నేర్పుటకు ఏండ్లు పట్టెను. నేటికిని సవరించుచునే యున్నారు, ఉచితముగా ఇచ్చుచున్నారు.

మన దేశపు సంగీతమునకు మరియొక చిక్కు గలదు. స్వరము ఒకచోట నిలువదు, ఊగును, జారును. మద్రాసులో ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు అను క్రైస్తవుడు 1890ల ఆరంభమున దానిని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయ మొదలిడెను గాని ఆ పని ముగింపలేకపోయెను. ఆయన ప్రోత్సాహమువలననే సుబ్బరామ దీక్షితులు తనకు తెలిసినదంతయు వ్రాయ సమ్మతించి, గమకములకు వేర్వేరు గుర్తులు పెట్టి, సంగీత సంప్రదాయ ప్రదర్శిని అను తెలుగు గ్రంథమును 1904లో ఎట్టయపురమున వెలువరించెను. 1839లో పుట్టినవాడు 1906లో కన్నుమూసెను. రెండేండ్లు జాగు చేసియుండినయెడల ఏమి కావలసినది?

నెమ్మది దానంతటదే సద్గుణము కాదు. సోమరియు నెమ్మదిగానే పనిచేయును. కాని అచ్చులో పడిన తప్పు స్వరము సామాన్యమైన తప్పు కాదు. పుస్తకము చేతబట్టిన బాలుడు, నలువది ఏండ్లుగా సరిగా పాడుచున్న అవ్వను తప్పు దిద్దును. అవ్వ సిగ్గుపడి ఊరకుండును. మరుసటి ఆదివారమున సంఘమంతయు తప్పే పాడును. పిల్లనగ్రోవి స్వరములలో భేదము తెలియనిచో ఊదినది ఏమో యెట్లు తెలియునని పౌలు కొరింథీయులను అడిగినది (1 కొరింథీ. 14:7) ఇందుకే.

చెరకు ఎరిగిన మన ప్రాంతమువారికి ఇది సులభముగా తెలియును. నాటిన చెరకు పండుటకు సుమారు ఏడాది పట్టును. ముందే కోసిన తీపి తక్కువ. కోసిన పిమ్మట మాత్రము గడియ గడియకు చక్కెర తరిగిపోవును. 1937లో స్థాపింపబడి 2015లో మూతబడిన బోధను చక్కెర కర్మాగారమునకు చెరకు తోలినవారిని అడుగుడి. ముసలివారి పాట కోసిన చెరకు. అచ్చుపుస్తకము ఇంకను చేనిలోనున్న చెరకు.

కాబట్టి ఈ నెలలోనే మీ సంఘములోని వృద్ధుల యొద్దకు ఫోను తీసికొనిపోయి, ఒక్కొక్క కీర్తనను రెండు మూడు మారులు పాడించి భద్రపరచుడి. పాడినవారి ఊరు, నేర్పినవారి పేరు చేర్చుడి. నిజామాబాదులో ఒక విధముగను బోధనులో మరియొక విధముగను పాడినయెడల రెండును ఉంచుడి. ఏది సరియైనదని అప్పుడే తీర్పు చేయవద్దు. కీబోర్డు మాత్రము ఇంటియొద్దనే విడిచి వెళ్లుడి.