పాట మన దగ్గర ఉండటమంటే

నెలకు ఒక పూట హోటల్ భోజనానికి అయ్యేంత కడితే చాలు, పది కోట్ల పాటలు ఫోన్‌లోకి వస్తాయి. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ చెప్పే లెక్క ఇది. పాటకు మూడు నిమిషాలనుకుంటే, నిద్రాహారాలు మాని విన్నా 570 ఏళ్లు పడుతుంది. నూరేళ్లు బతకని మనిషికి ఇన్నెందుకని అడగబుద్ధవుతుంది. అయినా ఈ ఏర్పాటు చేసిన మేలు ముందు ఒప్పుకోవాలి. ఒకప్పుడు మంచి సంగీతం వినాలంటే డబ్బుండాలి, పట్నంలో ఉండాలి, లేదా రికార్డులున్నవాళ్లతో పరిచయమైనా ఉండాలి. ఇవాళ పల్లెలో ఉన్న కుర్రాడు కూడా బాలమురళినీ బీథోవెన్‌నీ వెంటవెంటనే వినగలడు. ఇది చిన్న న్యాయం కాదు.

అలాగని దీనికి ముందు, పాటల్ని ఫైళ్లుగా దించుకున్న డౌన్‌లోడ్ కాలం పవిత్రమైనదీ కాదు. 1999లో నాప్‌స్టర్ వచ్చాక ప్రపంచమంతా పాటల్ని ఉచితంగా పంచుకుంది. 2003లో ఐట్యూన్స్ పాటకు 99 సెంట్లని ధర పెట్టినా మన ఊళ్లలో ఆ దారి పట్టినవాళ్లు తక్కువ. మొబైల్ షాపుకెళ్లి గోరంత మెమరీ కార్డు ఇస్తే, షాపతను తన కంప్యూటర్‌లోని ఫోల్డర్లు చూపించి ఏవి కావాలో అడిగి ఎక్కించేవాడు. అందుకు అతను తీసుకునే డబ్బులో పాడినవాళ్లకు పైసా చేరేది కాదు.

కానీ ఆ కార్డులో చోటు తక్కువ. కొత్త పాట ఎక్కాలంటే పాతదొకటి దిగాలి. ఏది తీసెయ్యాలన్న దగ్గర మనిషి కాసేపు ఆగేవాడు. తనకు ఏది ప్రాణమో ఆ ఆగడంలోనే తేలేది. అన్నీ అందుబాటులో ఉన్నప్పుడు, దేన్నీ వదులుకోనక్కర్లేనప్పుడు, మన ఇష్టం మనకెలా తెలుస్తుంది? తర్వాతి పాటను యాప్ ఎంచిపెడుతుంటే, విన్నది మన అభిరుచా, మనకు అలవాటు చేసినదా?

తాత్త్వికుడు ఎరిక్ ఫ్రామ్ 1976లో రాసిన ‘టు హావ్ ఆర్ టు బి?’లో, కలిగి ఉండటం వేరు, జీవించడం వేరు అంటాడు. ఆయన మాట పట్టుకుంటే, పాటల్ని పోగేసుకోకుండా వింటూ సాగిపోవడమే మేలనిపిస్తుంది. నేను అంత దూరం వెళ్లలేను. ఆస్తి మీద మమకారం వదులుకోవడం ఒకటి, ఆస్తి ఇంకొకరి చేతిలో ఉండటం మరొకటి. స్పాటిఫైలో డౌన్‌లోడ్ నొక్కి దాచుకున్న పాట కూడా, 30 రోజులకొకసారైనా ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలపకపోతే మూగబోతుంది. 2022 జనవరిలో గాయకుడు నీల్ యంగ్ పాటలు అందులోంచి వెళ్లిపోయి, తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. 2023లో జీ మ్యూజిక్ పాటలూ ఒప్పందం కుదరక మాయమయ్యాయి. 2024లో వింక్ మ్యూజిక్ అనే పాటల యాప్ మొత్తంగా మూతపడింది. ఈ నిర్ణయాల్లో దేనిలోనూ విన్నవాళ్ల ప్రమేయం లేదు.

నన్ను అన్నిటికన్నా బాధించేది వారసత్వం. తల్లి పోయాక బీరువాలో ఘంటసాల భగవద్గీత క్యాసెట్ దొరుకుతుంది. పక్కన ఇంకో క్యాసెట్, దాని అట్ట మీద ఆవిడ వంకర అక్షరాలతో పాటల జాబితా. ఆవిడ ఏది ప్రేమించిందో పిల్లలకు అలా తెలుస్తుంది. చందా ఆగిపోయిన ఖాతాలోంచి ఎవరికి ఏం దొరుకుతుంది? మనిషితోపాటే ఆ మనిషి విన్నదంతా చెరిగిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చందా కట్టి వినండి, కొత్తవి తెలుసుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. మీ తర్వాత కూడా ఇంట్లో ఉండాలనుకున్న పాటల్ని మాత్రం కొని, కాపీ చేసి, వాటి పేర్లు మీ చేత్తో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఐట్యూన్స్ స్టోర్‌లోనూ బ్యాండ్‌క్యాంప్‌లోనూ పాటలు ఇప్పటికీ విడివిడిగా అమ్ముతున్నారు.